మేడంకు చెప్పొద్దు

నేను చదివిన చదువుకూ ఇన్నేళ్ల అనుభవానికీ కలిపి నాకు దొరికిన గొప్ప పని ఏమిటంటే, ఏమీ తెలియకుండా కూర్చోవడం. హాస్యానికి చెప్పడం లేదు. నిజంగానే నన్ను దానికోసమే పెట్టుకున్నారు. పెట్టుకున్నాక అర్థమైంది, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో మనిషన్నవాడు ఒక పూట కూడా ఏమీ తెలియకుండా ఉండలేడని. ఉండనివ్వరు.

నేను ఫిజియోథెరపిస్టును. జగిత్యాలలో క్లాక్ టవర్‌కు కాస్త అవతల నా చిన్న క్లినిక్కు. మోకాళ్ల నొప్పుల ముసలమ్మలు, నడుము పట్టేసిన ఆర్టీసీ డ్రైవర్లు ఎందరొచ్చినా నా మనసు మాత్రం సెరిబ్రల్ పాల్సీ పిల్లల మీదే ఉంటుంది. పుట్టేటప్పుడో అంతకు ముందో మెదడుకు దెబ్బ తగిలి, కండరాలు బిగుసుకుపోయిన పిల్లలు. కొడిమ్యాల నుంచీ పెగడపల్లి నుంచీ తల్లులు వాళ్లను చంకన వేసుకుని బస్సుల్లో వస్తారు. వాళ్లలో కొందరు నడుస్తారు, కానీ మునివేళ్ల మీద. పిక్కలు బిగిసి మడమను పైకి లాగేస్తాయి. మడమ నేలకు ఆనదు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మునివేళ్ల మీద నడిచే పిల్ల పరుగెత్తినట్టు నాలుగడుగులు వేయగలదు కానీ, ఆగి నిలబడలేదు. ఆగితే పడుతుంది.

అట్లాంటి పిల్లలకు పాదం అడుగు నుంచి మోకాలి కింది దాకా పట్టి ఉంచే ప్లాస్టిక్ బ్రేసు చేయించమంటాం. మా దగ్గర దాన్ని అందరూ బూటు అంటారు. ఏళ్ల తరబడి బూటు వేయమని చెబుతూనే ఉన్నాను. కానీ ఏ తల్లయినా నన్ను నిలదీసి, ఇంత చిన్నపిల్లకు బూటు వల్లనే మడమ దిగుతుందా, ఒట్టి వ్యాయామంతో దిగదా అని అడిగితే, గుండెల మీద చెయ్యేసుకుని చెప్పగల జవాబు నా దగ్గర లేదు. అడిగినప్పుడల్లా తెలిసినట్టే మొహం పెట్టి తప్పించుకునేదాన్ని. అందుకే హైదరాబాదు నుంచి ఒక పెద్ద డాక్టరు వచ్చి, మీ మూడు ఊళ్లలో పరిశోధన చేద్దామంటే ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను.

పద్ధతి మంచిదే. ముందు పిల్లలందరినీ కొలుస్తాం. తర్వాత చీటీలు తీసి సగంమందికి బూటూ వ్యాయామమూ, సగంమందికి వ్యాయామం మాత్రమే. అంతా అయ్యాక మిగతావాళ్లకూ బూట్లు ఇస్తారు. మధ్యలో ఒకసారి, చివర ఒకసారి మళ్లీ కొలుస్తాం. కొలిచే మనిషిని నేను. కరీంనగర్ నుంచి ఇంకొకాయన వచ్చి బూట్లు తొడగడం, వ్యాయామాలు నేర్పడం చేస్తాడు. ఎవరికి బూటు వచ్చిందో నాకు తెలియకూడదు. ఎందుకంటే తెలిస్తే నా కన్ను ఊరుకోదు. బూటు పిల్ల అని తెలిస్తే, ఆనీ ఆనని మడమ కూడా నాకు ఆనినట్టే కనిపిస్తుంది. నా కన్ను సంగతి నాకు తెలియదా! కాబట్టి కొలతకు వచ్చే రోజు బూటు ఇంట్లో పెట్టి రావాలి. బూటు పట్టీల ముద్రలు కాళ్ల మీద కనిపించకుండా పిల్లలందరూ మోకాళ్ల దాకా పొడుగు సాక్సులు వేసుకుని రావాలి. సాక్సులు నేను తీయకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, బూటు ముచ్చట నాకు చెప్పకూడదు.

చెప్పకూడదట! మా వాళ్లకు! నోట్లో నువ్వుగింజ నానని మనుషులకు!

మొదటిసారి సిరిసిల్లలో కొలిచిన పిల్లను ముందు చెప్పాలి, లేకపోతే తర్వాతి కథ ఎవరికీ అర్థం కాదు. నేతకారుల వాడలో ఒక సంఘం హాలు ఇచ్చారు మాకు. రెండు వైపులా సాంచాలు, అంటే మరమగ్గాలు. వాటి చప్పుడుకు పక్క మనిషికి చెప్పాలన్నా అరవాలి. ఆ పిల్ల తండ్రి ఆ సాంచాల మీదే పని చేస్తాడు. తల్లి బీడీలు చుడుతుంది. పిల్ల బడికి వేసే వయసుది. నోరు మాత్రం ఎప్పుడో బడి దాటి కాలేజీకి పోయింది.

"మేడం, నీకు గాజులెందుకు లెవ్వు?"

"పని జేసేటప్పుడు అడ్డం బిడ్డా."

"మా అమ్మ పని జెయ్యదా మరి? ఆమెకున్నయి గద."

అప్పటికింకా చీటీలు తీయలేదు కాబట్టి మాటలకు అడ్డు లేదు. తల్లి మనసు విప్పి చెప్పుకుంది. బడిలో సారు తీసుకోనని అనలేదట. కానీ పొద్దున ప్రార్థనప్పుడు వరుసలో నిలబడాల్సి వస్తుంది, అక్కడ ఎవరు పట్టుకుంటారని అడిగాడట. "గంట గొట్టినంక లైన్ల నిలవడాలె మేడం. అందరి పిల్లల లెక్క. నాకింకేం అద్దు," అంది. పెద్ద కోరికేమీ కాదు. కానీ కాళ్లు చూశాక అది ఎంత పెద్ద కోరికో నాకు తెలిసింది. రెండు మడమలూ నేలకు బాగా ఎత్తులో ఉన్నాయి.

కొలవడానికి పిల్లను పదే పదే నిలబెట్టాలి. విసుగొచ్చి మొండికేసింది. ఇంకొక్కసారి నిలబడితే చాలని బతిమాలి, ఒట్టు వేయించుకున్నాను. వేసింది. సరేనని నేను కొలబద్ద తీసేసరికి తలమీంచి ఏదో తీసినట్టు తీసి, కిటికీ గట్టు మీద పెట్టినట్టు పెట్టింది.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన. ఇగ నేన్ నిలవడ."

నవ్వాపుకోలేకపోయాను. చిన్నప్పుడు ఆటల్లో మేమూ ఇట్లాగే తొండి చేసేవాళ్లం. చివరికి తనంతట తనే కిటికీ గట్టు పట్టుకుని నిలబడి, నేను కొలిచిన ప్రతిసారీ మెడ చాచి అడిగేది, "రాసుకున్నవా?" అని. రాసుకున్నానని చెబితేనే తర్వాతిది.

చీటీలు తీశారు. బూట్లు పంచారు. కొన్ని నెలలకు మధ్య కొలతలు మొదలయ్యాయి. నా తల ప్రాణం తోకకొచ్చింది కూడా అప్పటినుంచే.

మొదట కోరుట్ల. హాల్లో అడుగు పెట్టానో లేదో ఒక ముసలామె మనవడిని లాక్కుంటూ ఎదురొచ్చింది.

"ఏందమ్మా, గా పక్కగల్లి పొల్లకు బూటిచ్చిండ్లట, మా పోరడేం పాపం జేసిండు? నువ్వు పెద్ద మేడంవట గద, జర చెప్పి ఇప్పియ్యరాదు."

"అమ్మా, నాకు చెప్పద్దు. అది నేను వినద్దు."

"ఎందుకు వినద్దు? చెవుడా?"

ఒకే దెబ్బకు ఇద్దరు పిల్లలు చెడిపోయారు. ఈ పిల్లాడికి బూటు లేదని తెలిసింది, పక్కగల్లి పిల్లకు ఉందని తెలిసింది. ఎవరి బూటు సంగతి నాకు తెలిసిందో ఆ పిల్లలను నేను కొలవకూడదు. వాళ్లకోసం హైదరాబాదు నుంచి ఇంకొక మనిషి రావాలి. ఆ ఆఫీసులో అన్నీ చూసుకునే అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. అటునుంచి చాలా మర్యాదగా ఒక ప్రశ్న వచ్చింది. "మీరెందుకు విన్నారు మేడం?"

ఒళ్లు మండిపోయింది. చెవులకు తలుపులు పెట్టించుకుని రమ్మంటారా తల్లీ అని అడగబోయి ఊరుకున్నాను.

జగిత్యాలలో ఇంకా ఘోరం. ఒకామె బూటు కథంతా మొదలు నుంచి చివర దాకా చెప్పేసింది. చెప్పొద్దన్నారు కదమ్మా అంటే, "బయటోళ్లకు చెప్పద్దన్నరు. మీరు బయటోళ్లా మేడం? మా అన్న నడుము సక్క జేసింది మీరే గద," అని నొచ్చుకుంది. ఆమె నొచ్చుకున్నందుకు నేనే మళ్లీ సముదాయించాల్సి వచ్చింది. సారంగాపూర్ నుంచి ఒక తండ్రి వచ్చాడు. పెద్దమనిషి. కొడుకును కొలుస్తున్నంత సేపూ పెదవి విప్పలేదు. కడుపు నిండినట్టయింది నాకు. మీలాంటోళ్లు ఇంకో నలుగురుంటె చాలు అన్నాను. ఆయన సంతోషంగా సంచిలో చెయ్యి పెట్టి బూటు తీసి నా టేబుల్ మీద పెట్టాడు.

"చెప్పద్దన్నరు మేడం. నేన్ చెప్పలే. చూపిస్తున్న."

ఆయన్ని ఏమనాలి? ఇందులో వాళ్ల తప్పేమీ లేదని నాకూ తెలుసు. మా దగ్గర ఇంటికొచ్చిన మనిషికి ముందు మంచినీళ్లు, వెనకాలే బాధలు. చెప్పుకోకపోతే అవతలి మనిషిని పరాయిగా చూసినట్టు. పిల్ల కాళ్లు పట్టుకుని చూసే మనిషి దగ్గర పిల్ల కాళ్ల సంగతి దాచడమంటే వాళ్ల లెక్కలో అది మర్యాద తక్కువతనం. తెలుసు. తెలిసినా కోపం ఆగదు కదా. ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుంటే మావారు, "ఈ రోజు ఎవరేం చెప్పారు?" అని నవ్వేవారు. "ఇంకొక్క మాట మాట్లాడితే చూడండి," అనేదాన్ని.

మాతో పాటు కోరుట్ల అమ్మాయి ఒకతె పని చేసేది. ఇంటింటికీ తిరిగి పిల్లలను కొలతకు తీసుకొచ్చే పని. తల్లి బీడీల కంపెనీకి ఆకు కత్తిరించి పెంచిన పిల్ల, డిగ్రీ చదివింది, గట్టిది. నా అవస్థ చూసి ఒక రోజు అంది.

"అక్కా, గీళ్లు సంతకం బెట్టిన కాయితాలను లెక్క జెయ్యరు. ఒట్టయితె లెక్క జేస్తరు."

"ఏం ఒట్టు?"

"పిల్ల మీద ఒట్టు."

మిగతా ఒట్ల సంగతి వేరు. దేవుడి మీద ఒట్టు రోజుకు నాలుగు సార్లు పెట్టి అయిదు సార్లు తప్పుతారు. కానీ పిల్ల నెత్తిన చెయ్యి పెట్టి వేసిన ఒట్టును మా దగ్గర ఏ తల్లీ తప్పదు. అందులోనూ పుట్టుకతోనే కష్టపడుతున్న పిల్ల. తప్పితే ఆ పాపం పిల్లకు చుట్టుకుంటుందని భయం. ఆ అమ్మాయి మళ్లీ మూడు ఊళ్లూ తిరిగి, తల్లి చెయ్యి తీసి పిల్ల నెత్తిన పెట్టి, "బూటు ముచ్చట ఎవ్వలకు చెప్ప" అనిపించింది. జగిత్యాలలో ఇద్దరి చేత అనిపిస్తుంటే నేనూ అక్కడే ఉన్నాను. దీని బుర్రే బుర్ర అని మెచ్చుకున్నాను కూడా.

ఆ తర్వాత సిరిసిల్ల మధ్య కొలతలకు పోతే, ఓయమ్మో, అది హాలా గుడా! తల్లులంతా కుక్కిన పేనుల్లా కూర్చున్నారు. సాంచాల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఒకామెను పిల్ల పొద్దున ఏం తిన్నదమ్మా అని అడిగితే, చెప్పొచ్చో లేదోనని కోరుట్ల అమ్మాయి మొహం చూసింది. నా గాజుల పిల్ల కూడా వచ్చింది. పెదవుల మీద వేలు పెట్టుకుని కూర్చుంది. "నేన్ గూడ చెప్ప. అమ్మ ఒట్టేసింది," అని అది మాత్రం చెప్పింది. కొలిచాను. రెండు మడమలూ బాగా దిగాయి. ఇంకొక్క వేలి మందం దిగితే నేలే. బూటు వల్లో వ్యాయామం వల్లో నాకు తెలియదు, తెలియకపోవడమే నా పని. ఆ రోజు మొదటిసారిగా నా పని నేను ప్రశాంతంగా చేసుకుని, వేములవాడ బస్సులో కిటికీ పక్కన కూర్చుని హాయిగా నిద్రపోయాను.

చివరి కొలతలు ఎండాకాలంలో పడ్డాయి. సిరిసిల్ల ఎండ గురించి కొత్తగా చెప్పాలా! ఆ ఎండలో మోకాళ్ల దాకా సాక్సులు. పిల్లలు గోక్కుంటున్నారు, ఏడుస్తున్నారు. సాక్సుల ఆలోచన చేసిన మహానుభావుడిని ఒక పూట ఆ హాల్లో సాక్సులతో కూర్చోబెట్టాలని నాకు గట్టిగా అనిపించింది. ఫ్యాను తిరుగుతోంది కానీ గాలి ఎక్కడికి పోతోందో తెలియదు.

గాజుల పిల్ల వంతు వచ్చింది. తల్లి ఎత్తుకుని తెచ్చింది. మధ్య కొలతకు నడిచొచ్చిన పిల్ల ఇప్పుడు చంకనెక్కి రావడమేమిటని అప్పుడే అనుమానించాల్సింది. ఎండకు కాబోలు అనుకున్నాను. పిల్ల గాజుల మాట ఎత్తలేదు. రాసుకున్నవా అని అడగలేదు. బల్ల మీద కూర్చోబెట్టి కుడి పాదం పట్టుకుని పైకి వంచబోతే ఒళ్లంతా కట్టెలా బిగుసుకుంది. కళ్ల నిండా నీళ్లు. ఏడుపు మాత్రం బయటికి రాలేదు.

"ఏమైందమ్మా పిల్లకు?"

"ఏం గాలే మేడం." తల్లి నేలచూపులు చూసింది.

"నొప్పి ఉందా?"

"లేదు మేడం."

కింద నిలబెట్టబోయాను. కుడికాలు కింద పెట్టలేదు. ఎడమకాలి మీద ఒరిగి నా చీర పట్టుకుంది. అప్పుడు చూశాను, కుడి సాక్సుకు చీలమండ దగ్గర తడి మరక. పసుపు కలిసిన తడి. ముక్కుకు వాసన కూడా తగిలింది. ఈ పనిలో ఇన్నేళ్లు ఉన్నదానికి ఆ వాసన ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు.

"సాక్సు తియ్యమ్మా."

తల్లి రెండు చేతులతో సాక్సును పట్టుకుంది. "అద్దు మేడం. తియ్యద్దన్నరు."

"నేనే తియ్యమంటున్న గద. తియ్యి."

"అద్దు మేడం, మీ కాళ్లు మొక్కుత. ఒట్టేసిన."

కోరుట్ల అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. మొదట నా కళ్లకు అడ్డం నిలబడి, "అక్కా, నువ్వు చూడద్దు, నువ్వు చూస్తె గీ పిల్ల గూడ చెడిపోతది," అంది. చెడిపోవడమంటే మా లెక్కలో చెడిపోవడం. నేనేదో అనబోయేలోగా తనకే ఆ మాట చెవిన పడినట్టుంది, మొహం తెల్లబోయింది. తల్లి వైపు తిరిగి, "తియ్యి అక్కా, ఏం గాదు. ఒట్టు నేను పెట్టిచ్చిన గద, నేనే చెప్తున్న," అంది.

"నీకేం, ఎన్నన్న చెప్తవ్. నువ్వు చెయ్యి బెట్టిచ్చింది నా బిడ్డ నెత్తి మీద. నీ బిడ్డ మీద గాదు."

హైదరాబాదుకు ఫోన్ చేద్దామా అని ఆ అమ్మాయి సెల్లు తీసింది. ఫోనూ వద్దు గీనూ వద్దు అని కసిరాను. పిల్లకు హాని జరుగుతుంటే ముందు పిల్లను చూడాలని మా నిబంధనల్లోనే ఉంది. ఎవరికీ గుర్తుండదు, అంతే. నాకు గుర్తుంది కానీ ఏం లాభం? బలవంతంగా లాగితే పుండుకు అంటుకున్న బట్టతో పాటు తోలు ఊడి వస్తుంది. తల్లి చేతులు అక్కడినుంచి కదిలితే తప్ప నేను ఏమీ చేయలేను. ఇన్ని నెలలుగా నోరు మూసుకోండి మూసుకోండి అని మొత్తుకున్న నేను, ఒక్క మాట చెప్పమ్మా అని ఆ హాలంతా వినపడేలా బతిమాలుతున్నాను. ఆమె తల అడ్డంగా ఊపుతోంది. ఏడుస్తోంది, ఊపుతోంది. నాకు ఆమె మీద పట్టలేనంత కోపం వచ్చింది. ఆమె మీద, ఒట్టు మీద, సాక్సుల మీద, మెచ్చుకున్న నా నోటి మీద.

అప్పుడు పిల్ల కదిలింది. నా చీర వదిలి బల్లకు ఆనుకుని, తల్లి కుడిచెయ్యి పట్టుకుని లాగింది. సాక్సు మీదినుంచి ఆ చేతిని ఊడదీసి, తన నెత్తి మీద పెట్టుకుంది. ఒక నిమిషం అట్లాగే ఉంచుకుంది. తర్వాత రెండు చేతులతో దాన్ని నెత్తి మీదినుంచి ఎత్తి, పక్కనే ఉన్న కిటికీ గట్టు మీద పెట్టింది.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన. ఇగ చెప్పమ్మా. నొస్తుంది."

తల్లి చెయ్యి గట్టు మీదే ఉండిపోయింది. ఇంకో చెయ్యి దానంతట అదే సాక్సు వదిలేసింది. ఆమె నోట్లోంచి మాటలు ఎట్లా వచ్చాయంటే, అడ్డుకట్ట తెగినట్టు వచ్చాయి. పిల్ల పెరిగిందట, బూటు ఇరుకైందట. బూటు పట్టీ ఒరుసుకుని చీలమండ దగ్గర ముందు ఎర్రబడిందట, తర్వాత పొక్కిందట, తర్వాత పగిలిందట. కరీంనగర్ సారుకు ఇంట్లో కాన్పు అని ఆ వారాల్లో రాలేదట. ఆశా వర్కరు వచ్చి పిల్ల కుంటుతోందేమని అడిగితే చెప్పలేదట. పసుపూ కొబ్బరినూనే పెట్టి, బూటు మానేస్తే మడమ మళ్లీ లేస్తుందేమోనని గుడ్డ చుట్టి తొడుగుతూనే ఉందట.

"మా అమ్మ ఫోన్ల అడిగింది మేడం, పొల్ల ఎందుకేడుస్తుందని. మా అమ్మకు గూడ చెప్పలే. ఎవ్వలకు చెప్పనని ఒట్టేస్తి గద. చెప్తె పిల్లకేమన్న అయితదని బుగులు."

పిల్లకేమన్నా అవుతుందని చెప్పలేదు. చెప్పక పిల్లకు అయింది. ఏమని తిట్టను? తిట్టలేదు. రెండు చెవులూ అప్పగించి అంతా విన్నాను. సాక్సు తడిపి మెల్లగా తీశాను. పుండు నేను భయపడినంత లోతు లేదు, కానీ ఇంకొన్నాళ్లు ఆగితే ఎముక దాకా పోయేది. ఆటో పిలిచి అక్కడి దవాఖానకు తీసుకుపోయి కట్టు కట్టించాం. దారంతా పిల్ల నా ఒళ్లో కూర్చుని, బూటు గురించి తనకు తెలిసినవన్నీ చెప్పింది. ఎర్ర పట్టీ అంటే ఇష్టమట, నీలం పట్టీ మంచిది కాదట.

సాయంత్రం హైదరాబాదు డాక్టరు ఫోన్ చేశాడు. కోపం చేస్తాడనుకున్నాను, చేయలేదు. మీరు చేసింది సరైన పని అన్నాడు. మిగతా పిల్లలందరి కాళ్లూ రేపే చూపిస్తానన్నాడు, చూపించాడు కూడా. చివర మెల్లగా, "అయితే ఆ పాపను ఇక మీరు కొలవడానికి లేదు," అన్నాడు. అది కూడా సరైనదే. సరైనవన్నీ ఒకేచోట చేరితే మనిషికి ఎంత చిరాకు వస్తుందో ఆ రోజు తెలిసింది. వారంలోపు ఆఫీసు నుంచి అందరికీ ఇంగ్లీషులో ఒక మెయిల్ వచ్చింది. తల్లుల చేత ఒట్టు పెట్టించరాదట. నొప్పి, పుండు, జ్వరం ఉంటే ఎవరికైనా చెప్పవచ్చని ముందే చెప్పాలట. ముందే అంటే ఎప్పుడో!

కొలతల గడువు దాటకూడదు కాబట్టి ఇంకొకాయన హైదరాబాదు నుంచి వచ్చి పిల్లను కొలిచాడు. కాలికి కట్టు ఉంది. నిలబెడితే నిలబడలేదు. ఆయన చూసింది ఆయన రాసుకుని పోయాడు. పరిశోధనలో ఆ పిల్ల నిలబడలేని పిల్ల.

బూటు ఆపించి, పుండు మానే దాకా కోరుట్ల అమ్మాయి సెలవు రోజుల్లో కూడా సిరిసిల్లకు తిరిగింది. ఎవరూ తిరగమనలేదు. కట్టు మార్పించడం, పిక్కలు సాగదీయడం తల్లితో కలిసి చేసింది. నేనూ రెండు మూడు సార్లు పోయాను. మడమ మళ్లీ లేస్తుందేమోనని నాకు లోపల బెంగ. కొలవకూడదు కాబట్టి పాదం పట్టుకుని కూడా ఎంత వంగుతోందో చూడకుండా కళ్లు పక్కకు తిప్పుకునేదాన్ని. ఇదెక్కడి ఖర్మ అని ఎన్నిసార్లు అనుకున్నానో.

బడులు తెరిచాక తల్లి నాకు ఫోన్ చేసింది. "మేడం, రేపు పొద్దుగాల ప్రార్థనకు రాండ్రి," అని ఒకటే మాట. ఏమైందని అడిగితే చెప్పదు. "చెప్ప. అచ్చి చూడుండ్రి." మళ్లీ చెప్పదట! విసుక్కుంటూనే మొదటి బస్సు ఎక్కాను.

పోయేసరికి గంట కొడుతున్నారు. పిల్లలు వరుసల్లోకి చేరుతున్నారు. తల్లి గేటు బయట నిలబడి ఉంది, చేతుల్లో పిల్ల చెప్పులు. పిల్ల వరండా స్తంభాన్ని పట్టుకుని ఉంది. నన్ను చూసింది. స్తంభం వదిలేసింది. నాలుగడుగులు అటూ ఇటూ తూలుతూ వేసి, వరుసలో తన జాగాలో ఆగింది. ఆగింది! వట్టి పాదాలు. కుడి చీలమండ దగ్గర నల్లటి మచ్చ. దాని కింద మడమ, పక్కన ఇంకో మడమ, రెండూ మట్టికి ఆనుకుని ఉన్నాయి. బూటు వల్లనా, వ్యాయామం వల్లనా, తల్లి మొండితనం వల్లనా? నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. పరిశోధన లెక్కలింకా తేలలేదు.

ప్రార్థన అయిపోయే దాకా పడిపోలేదు. అవగానే అక్కడినుంచే కేకేసింది.

"మేడం! రాసుకున్నవా?"

"లేదు బిడ్డా. నిన్ను రాయద్దన్నరు నన్ను."

ఎందుకు అని అడగలేదు. అంత పొద్దు నిలబడి అలసిపోయిన కాళ్లు వణుకుతున్నాయి. అయినా చేతులు రెండూ పక్కకు చాపి, మళ్లీ నిటారుగా నిలబడింది.

"అయితె ఉట్టిగ చూడు."